మోటార్ ఎర్త్ విప్పేస్తే బేరింగ్ బతుకుతుందా?

ఈ వారంలో ఇది నాలుగోసారి. "వీఎఫ్‌డీ మీద నడిచే మోటార్లలో బేరింగ్‌లు పోకుండా అయిదు చిట్కాలు, ప్రతి ఎలక్ట్రీషియన్‌కీ పంపండి" అని అదే మెసేజ్. వీఎఫ్‌డీ అంటే మోటార్ స్పీడ్‌ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్. పంపినవాళ్లలో ఇద్దరు డ్రైవ్‌లు కమిషన్ చేసేవాళ్లే. అందుకే ఊరుకోలేకపోయాను.

మొదటి చిట్కా: మూడు ఫేజ్‌ల మధ్య మల్టీమీటర్ పెడితే రీడింగ్ సమానంగా వస్తే కామన్ మోడ్ వోల్టేజ్ లేనట్టేనట. అంటే మూడు ఫేజ్‌లూ కలిసి ఉమ్మడిగా పైకీ కిందికీ గెంతే వోల్టేజ్; బేరింగ్‌లోంచి కరెంట్‌ని తోసేది అదే. మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగులుతుందా? పదండి ముందుకి.

రెండోది: క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్‌లోని స్విచ్‌లు ఎంత వేగంగా ఆన్, ఆఫ్ అవుతాయన్నది) తగ్గిస్తే ఆ వోల్టేజ్ తగ్గుతుందట. డీసీ బస్, అంటే డ్రైవ్ లోపలి డీసీ సప్లై, 600 వోల్టులు అనుకోండి. ఆ డీసీని మోటార్‌కి ఏసీగా మార్చే మామూలు రెండు లెవెళ్ల ఇన్వర్టర్‌లో పై స్విచ్‌లు మూడూ ఆన్ అయితే డీసీ మధ్యబిందువు నుంచి ప్లస్ 300, కిందివి మూడూ ఆన్ అయితే మైనస్ 300. 12 కిలోహెర్ట్జ్ పెట్టినా 4 పెట్టినా ఆ 300 మారదు. సెకనుకి ఎన్నిసార్లు గెంతుతుందన్నదే మారుతుంది. బేరింగ్‌కి దెబ్బలు తగ్గొచ్చు, మోటార్ మోత పెరుగుతుంది. సలహాలో కొంత పస ఉంది, చెప్పిన కారణంలో లేదు.

ఇక మూడోది. "మోటార్ ఎర్త్ వైరు విప్పేయండి. కరెంట్‌కి దారే లేకపోతే బేరింగ్‌లోంచి ఎలా పోతుంది?" ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

వైండింగ్‌కీ మోటార్ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఉంది కదా, అదే ఒక కెపాసిటర్. స్విచ్ మారిన ప్రతిసారీ దాని గుండా కొంత కరెంట్ బాడీలోకి దూకుతుంది. ఎర్త్ ఉంటే ఆ దారిన డ్రైవ్‌కి తిరిగి వెళ్తుంది. తీసేశారా, బాడీ కూడా ఆ వోల్టేజ్‌తో పాటు గెంతడం మొదలుపెడుతుంది. అప్పుడు కరెంట్ బుద్ధిగా ఆగిపోతుందనుకుంటున్నారా? షాఫ్ట్ పట్టుకుని, కప్లింగ్ దాటి, పంపు బేరింగ్‌లోంచో గేర్‌బాక్స్‌లోంచో నేలకి దిగుతుంది. లేదా ఎన్‌కోడర్ (షాఫ్ట్ తిరుగుడు కొలిచే పరికరం) కేబుల్ షీల్డ్ పట్టుకుంటుంది. మోటార్ బేరింగ్‌ని కాపాడబోయి పంపు బేరింగ్‌ని బలిచ్చినట్టు. ఇవేవీ దొరక్కపోతే, వేడెక్కిందేమోనని బాడీ మీద చెయ్యి పెట్టిన మనిషి ఉన్నాడుగా!

అసలు భయం అది కూడా కాదు. రేపు వైండింగ్ ఇన్సులేషన్ పోతే బాడీ లైవ్ అవుతుంది. ఎర్త్ లేదు కాబట్టి ఫాల్ట్ కరెంట్ సరిపడా పారదు, బ్రేకర్ పడదు, డ్రైవ్ కూడా ట్రిప్ కాకపోవచ్చు. మోటార్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది. బేరింగ్ మాత్రం భేషుగ్గా ఉంటుంది లెండి, చూసుకుని మురవండి.

చేయాల్సింది ఆ దారిని బాగుచేయడం. షీల్డ్ ఉన్న సౌష్ఠవమైన మోటార్ కేబుల్ వేసి, షీల్డ్‌ని తోకలా మెలిపెట్టకుండా రెండు చివరలా చుట్టూ క్లాంప్ చేయండి. డ్రైవ్ అవుట్‌పుట్‌లో కామన్ మోడ్ కోర్ (వైర్ల చుట్టూ ఉండే అయస్కాంత రింగు) పెడితే మూడు ఫేజ్ వైర్లనీ కలిపి అందులోంచి తీయండి. ఎర్త్ వైరునీ అందులోంచే దూర్చేవాళ్లున్నారు, అప్పుడు వెళ్లే కరెంట్‌ని వచ్చే కరెంట్ కొట్టేస్తుంది, కోర్ అలంకారంగా మిగులుతుంది.

నాలుగోది: వెనకవైపు ఒక్క ఇన్సులేటెడ్ బేరింగ్ చాలట. పెద్ద మోటార్లలో షాఫ్ట్, బాడీ చుట్టూ తిరిగే కరెంట్‌ని అది ఆపుతుంది. చిన్న మోటార్లలో గ్రీజు పొరని చీల్చుకుని పడే నిప్పురవ్వలు ముందు బేరింగ్‌లో పడుతూనే ఉంటాయి. దానికి షాఫ్ట్ ఎర్తింగ్ బ్రష్ కావాలి.

అయిదోది చదివి నవ్వాను: "పీడబ్ల్యూఎం పద్ధతి మారిస్తే చాలు, కామన్ మోడ్ వోల్టేజ్ మూడో వంతుకి వస్తుంది." పీడబ్ల్యూఎం అంటే డ్రైవ్ తన స్విచ్‌లని ఆన్, ఆఫ్ చేసే వరస. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. నిజమే! ఆ ప్లస్, మైనస్ 300 వచ్చేది జీరో వెక్టర్ల దగ్గరే, అంటే పైవి మూడూ లేదా కిందివి మూడూ ఆన్ అయినప్పుడే. వాటిని వాడకుండా స్విచ్‌ల మిగతా ఆరు అమరికలతోనే నడిపితే ప్లస్, మైనస్ 100 దాటదు. ఒక్క కొత్త పార్టు కూడా అక్కర్లేదు. అయితే కరెంట్‌లో రిపుల్ పెరుగుతుంది, వీటిలో కొన్ని పద్ధతులు తక్కువ స్పీడ్‌లో పనికిరావు, కేబుల్ పొడవైతే మోటార్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ ఇంకా ఎగదన్నొచ్చు. ఈ సెట్టింగ్ అన్ని డ్రైవ్‌లలోనూ ఉండదు. అయినా మాట సరైనదే, నా నవ్వు వెనక్కి తీసుకుంటున్నా. ఇది రాసిన చెయ్యే ఆ మూడోదీ రాసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఇప్పటికే ఎర్త్ విప్పినవాళ్లుంటే, సప్లై ఆపి, డీసీ బస్ పూర్తిగా డిశ్చార్జ్ అయ్యాక, ముందు ఆ వైరు బిగించండి. పీడబ్ల్యూఎం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.