స్వర్గీయ మేస్త్రీగారి వాంగ్మూలం

పరిహారం పిటిషనుకు జవాబుగా బీమా కంపెనీవారు కోర్టులో దాఖలు చేసిన కౌంటరులో మూడో పేరా చదివేదాకా మా వీధి తాపీ మేస్త్రీ మరణించిన సంగతి నాకు తెలియదు. ఆయన అప్పుడు నా పక్కనే, కోర్టు వరండాలో, చేతికర్రను గోడకు ఆనించి, పొట్లంలోని బఠానీలు నములుతూ కూర్చుని ఉన్నాడు. కౌంటరులో మాత్రం, మృతుడు సదరు లారీని గమనించకుండా అజాగ్రత్తగా రోడ్డు దాటి తన మరణానికి తానే కారకుడయ్యాడని చక్కని ఇంగ్లీషులో రాసి ఉంది. దానిని తెలుగు చేసి ఆయనకు వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి ఆ మాట మా ఇంటిదానికి చెప్పారా బాబూ?" అని అడిగాడు.

వృత్తిలో ఉన్నవారు దీనిని చేతప్పు అంటారు. పాత కేసు కౌంటరులో పేరు మార్చి కొత్త కేసుకు తగిలించేటప్పుడు ఒకటో రెండో మాటలు మిగిలిపోవడం సహజమే అంటారు. నేను అంత తేలికగా తీసిపారేయలేను. మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునళ్లలో దాఖలయ్యే ఇటువంటి కౌంటర్లను నాలుగు చదివినవారెవరికైనా ఇది ప్రత్యేకమైన సాహిత్య ప్రక్రియ అని అర్థమవుతుంది. ఇందులో కథ ఉండదు, పాత్రలు ఉండవు, ఉన్నదల్లా కాదనడమే. ప్రమాదం జరగలేదంటారు. జరిగినా లారీ డ్రైవరు తప్పు లేదంటారు. తప్పు ఉన్నా అతనికి లైసెన్సు లేదు గనుక తమకు పూచీ లేదంటారు. పిటిషనరు వయసు, వృత్తి, ఆదాయం, గాయాలు, చికిత్స, ఖర్చు తమకు తెలియవు గనుక అవేవీ నిజం కావంటారు. అడిగిన పరిహారం అత్యధికం, అసమంజసం, ఊహాజనితం అంటారు. ఈ మూడు విశేషణాల వరుస మారడం నేను ఎన్నడూ చూడలేదు. ప్రతి పేరా చివరా, పిటిషనరు దీనిని కచ్చితమైన సాక్ష్యంతో రుజువు చేసుకోవలెను అన్న పల్లవి తప్పదు. లారీ యజమాని దగ్గర ఏటేటా ప్రీమియం పుచ్చుకునేటప్పుడు మాత్రం ఈ కంపెనీవారు ఆ లారీ ఉన్నదో లేదో, అది తిరిగే రోడ్డు ఉన్నదో లేదో కచ్చితమైన సాక్ష్యంతో రుజువు చేయమని అడిగిన దాఖలా లేదు.

మేస్త్రీ సంగతి చెప్పాలి. సాయంత్రం పని దిగి, రోడ్డుకు ఎడమ పక్కన టీ బడ్డీ ముందు సైకిలు పట్టుకుని నిలబడినవాడిని ఇసుక లారీ వచ్చి గుద్దింది. కుడి తొడ ఎముక రెండుగా, మోకాలి చిప్ప మూడుగా విరిగాయి. రాడ్డు వేశారు, ఆరు నెలలు మంచం మీద ఉంచారు. ఆ ఆరు నెలలకు ఒక విశేషం ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో పరిహారానికి దరఖాస్తు చేసుకునే గడువు మొదట ఆరు నెలలే ఉండేది. అది అన్యాయమని 1994లో దానిని ఎత్తివేశారు. 2019 సవరణలో మళ్లీ తెచ్చి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. అంటే కాలు తాడుకు కట్టి వేలాడదీసిన మనిషి ఆ కాలు దిగేలోగా ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) రిపోర్టు, గాయాల సర్టిఫికెట్టు, ఆసుపత్రి బిల్లులు సంపాదించి, వకీలును పట్టుకుని, వకాలతు మీద వేలిముద్ర వేయాలి. ఆ తరువాత కౌంటరు దాఖలు చేయడానికి కంపెనీ ఎన్ని వాయిదాలు తీసుకున్నా ఎవరికీ తొందర లేదు. మేస్త్రీ కేసు నాలుగేళ్లు నడిచింది, కాలు కంటే బాగానే నడిచింది.

కౌంటరు ప్రకారం ఆయన నిజంగా మరణించి ఉంటే కొంత సౌకర్యంగా ఉండేదని మా వకీలుగారు విచారించారు. 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అంత్యక్రియల ఖర్చుకు 15,000 రూపాయలు అని ఖరారు చేసి, మూడేళ్లకొకసారి 10 శాతం పెంచుకోమని కూడా చెప్పింది. దానికి బిల్లులు పెట్టనక్కర లేదు. బతికి ఉన్నవాడికి అటువంటి స్థిరమైన ధర లేదు. అతడు ప్రతి మాత్రకూ రసీదు చూపాలి, తన ప్రతి ఎముకకూ సాక్షిని తేవాలి.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్. కోర్టు హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. నేనూ, మేస్త్రీ కొడుకూ చెరొక చంకా పట్టుకుని నలభై నాలుగు మెట్లు ఎక్కించాము. బోను ఎక్కగానే కంపెనీ వకీలుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏమయ్యా, మెట్లెక్కే కదా వచ్చావు?" అని. ఎక్కానన్నాడు. నేను రెండో అంతస్తుకు మెట్లు ఎక్కి వచ్చాను అని వాంగ్మూలంలో చేరింది. మా చంకలు చేరలేదు.

"నువ్వు మేస్త్రీవని కాగితం ఏముంది?"

"కాగితమెందుకండీ, ఇళ్లున్నాయి."

"జీతం స్లిప్పు ఉందా? బ్యాంకు ఖాతాలో పడేదా? ఇన్‌కంటాక్సు కట్టావా?"

ఈ మూడింటికీ కలిపి మేస్త్రీ ఒక్కసారే తల అడ్డంగా ఊపాడు. తరువాత, ప్రశ్న సరిగా అర్థం కాలేదనుకున్నాడో, మేస్త్రీనని నిరూపించుకోవడానికి ఇదే అదను అనుకున్నాడో గాని, న్యాయమూర్తిగారి కుర్చీ వెనుక గోడవైపు చూపుడు వేలు చాపి, "అయ్యా, ఆ గోడ గుండు తూకం తప్పింది. కింద నుంచి పైకి పోయేసరికి రెండంగుళాలు ముందుకు వాలింది. ప్లాస్టింగులో ఇసుక ఎక్కువ కలిపారు, అందుకే ఆ మూల గుల్లగా ఉబ్బింది. రసమట్టం పెడితే మీకే తెలుస్తుంది" అన్నాడు. హాలులో అందరూ గోడవైపు చూశారు. గోడ నిజంగానే వాలి ఉంది. అన్నేళ్లుగా ఆ గోడ కింద తీర్పులు వెలువడుతున్నా ఎవరికీ కనబడని వాలు అది. బెంచి గుమాస్తా తన కుర్చీని అంగుళం వెనక్కి జరుపుకున్నాడు. అంతకు మించిన నిపుణుడి సాక్ష్యం ఏ కోర్టుకైనా దొరకదు. కంపెనీ వకీలుగారు గొంతు సవరించుకుని, "అడిగిన దానికే సమాధానం చెప్పు" అన్నారు. నా వృత్తికి, ఆదాయానికి ఎటువంటి దస్తావేజూ దాఖలు చేయలేదు అని వాంగ్మూలంలో చేరింది.

ఆపై సూచనలు మొదలయ్యాయి. సూచన అంటే, వకీలుగారు తమకు తోచిన అబద్ధం ఒకటి చెబుతారు, సాక్షి కాదంటాడు, ఆ కాదనడం సాక్షి మాటగా నమోదవుతుంది. ఆనాటి కాగితంలో మేస్త్రీ స్వయంగా చెప్పుకున్నవి ఇవి: నేను మద్యం మత్తులో లారీకి అడ్డం పడ్డాననడం నిజం కాదు. నా కాలు అంతకు ముందే పరంజా మీద నుంచి పడి విరిగిందనడం నిజం కాదు. లారీ యజమానితో కుమ్మక్కై ఈ కేసు వేశాననడం నిజం కాదు. నేను తాపీ మేస్త్రీని కాననడం నిజం కాదు. నాకు ఏ వైకల్యమూ లేదనడం నిజం కాదు. నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు. నలభై రెండేళ్ల మనిషి జీవితం మొత్తాన్ని ఇంత క్లుప్తంగా, ఇన్ని కాదులతో, ఏ జీవితచరిత్రకారుడూ రాసి ఉండడు. మా వకీలుగారిని ఒక మాట అడిగాను: కౌంటరులో మృతుడని రాసినవారు, నేను మరణించాననడం నిజం కాదు అనే సూచన ఎందుకు వేయలేదు? ఆయన నాకు జవాబు చెప్పలేదు.

తీర్పు వచ్చింది. ఆదాయానికి రుజువు లేదు గనుక నెలకు 8,000 రూపాయలుగా ఊహించారు. డాక్టరు కాలికి 35 శాతం వైకల్యం అంటే, మొత్తం శరీరానికి 20 శాతంగా తీసుకున్నారు. ఏడాది ఆదాయంలో ఆ 20 శాతాన్ని, వయసును బట్టి కోర్టులు వాడే గుణకం 14 పెట్టి హెచ్చవేస్తే 2,68,800 రూపాయలు. బాధకు, రవాణాకు, బలవర్ధకమైన ఆహారానికి మరికొంత.

ఆ ఎనిమిది వేల దగ్గర కాసేపు ఆగాలి. ఇదే పట్టణంలో ఏ అడ్డా మీదికైనా తెల్లవారి వెళ్లి, నెలకు ఎనిమిది వేలకు తాపీ మేస్త్రీ ఒకడు కావాలని అడగండి. మనిషి దొరకడు సరికదా, తిరిగి వచ్చేటప్పుడు వినవలసినవి వింటారు. ఆయన రోజు కూలీ తొమ్మిది వందలు. నెలకు పాతిక రోజులకు 22,500. అది కోర్టు హాలులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు, ఎందుకంటే వారిలో ఇల్లు కట్టించుకోనివారు లేరు. కంపెనీ వకీలుగారికి మరీ బాగా తెలుసు. ఆ నెలలోనే వారి ఇంటికి పై అంతస్తు లేస్తోంది. అక్కడ పొద్దున మేస్త్రీకి తొమ్మిది వందలు లెక్కపెట్టి ఇచ్చి, పదిన్నరకు కోటు వేసుకుని వచ్చి, మేస్త్రీ ఆదాయం తమకు తెలియదు గనుక కాదని ఆయన సంతకం చేశారు. దీనిని వృత్తిధర్మం అంటారట. నాకు తెలిసిన తెలుగులో దీనికి వేరే మాట ఉంది. కర్ణాటకకు చెందిన ఒక కూలీ నెలకు 4,500 వస్తుందంటే ట్రిబ్యునల్ 3,000 చేసింది. కూలీ మాట కాదనడానికి కారణం లేదని 2011లో సుప్రీంకోర్టు 4,500నే ఖాయం చేసింది. చేయి పోయిన వడ్రంగికి, డ్రైవరుకు సంపాదన దాదాపు నూరు శాతం పోవచ్చునని, అదే గుమాస్తాకైతే ఉద్యోగం నిలవవచ్చునని, డాక్టరు వేసిన శాతాన్ని యథాతథంగా సంపాదన నష్టం అనుకోవద్దని అంతకు ముందే, 2010లో, మరో తీర్పులో చెప్పింది. మోకాలు వంగని మనిషి పరంజా ఎక్కగలడా? నిచ్చెన మీద గొంతుకు కూర్చుని సన్‌షేడ్ అడుగున పూత పూయగలడా? ఎక్కలేడు, పూయలేడు. అంటే పోయింది 20 శాతం కాదు, మొత్తం పోయింది. 22,500ను పన్నెండుతో, పద్నాలుగుతో హెచ్చవేస్తే 37,80,000 రూపాయలు. ముందు ముందు కూలీ పెరుగుతుందని ఆ వయసువారికి కలపవలసిన 25 శాతం కలిపితే 47,25,000. కోర్టు ఇచ్చిన 2,68,800కూ ఈ 47,25,000కూ మధ్య మాయమైనది ఒక మనిషి కాలు కాదు, ఆయన కూతురి చదువు, నర్సరావుపేటలో వడ్డీకి తెచ్చిన ఆపరేషను డబ్బు, ఇంటిదాని చేతి గాజులు. కాగితం లేనివాడు కష్టపడి సంపాదించినట్లు కాదట! ఆ కాగితాలన్నీ భద్రపరిచే భవనాలకు గోడలు కట్టింది ఎవరు?

ఇచ్చిన డబ్బయినా చేతికి రాలేదు. సగం బ్యాంకులో మూడేళ్ల డిపాజిట్టు చేశారు. చదువు రానివారిని ఎవరూ మోసగించకూడదని 1993లో సుప్రీంకోర్టు చెప్పిన జాగ్రత్త అది, మంచి ఉద్దేశమే. అప్పులవాడు ఇంటి ముందు కూర్చున్నాడని, ఆ డబ్బు ముందే ఇప్పించమని పిటిషను వేస్తే, అవసరాన్ని రుజువు చేయమన్నారు. అప్పుకు నోటు ఉంది గనుక ఈసారి రుజువైంది. మేస్త్రీ సంపాదనకు కాగితం ఉండదు గాని, అప్పుకు ఎప్పుడూ ఉంటుంది.

పరిహారం అత్యధికమని కంపెనీ హైకోర్టుకు అప్పీలు వెళ్లింది. ఆ అప్పీలు ప్రతి మొన్న పోస్టులో వచ్చింది. మేస్త్రీ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చి, చదివి చెప్పమని ఇచ్చాడు. రెండో పేజీలో ఆయన మళ్లీ మరణించాడు.