కుర్రాడు పక్కకి, క్రైమ్ ముందుకి

పదహారేళ్ల కుర్రాడు. ఇంట్లో కటకట, బడిలో అవమానం, వీధి చివర తనని పేరు పెట్టి పిలిచే ఒక ‘అన్న’. మొదటి ఇరవై నిమిషాలు అన్నీ వాడి కళ్లతోనే చూస్తాం. తర్వాత సరుకు చేతులు మారుతుంది, ఇంకో ముఠా దిగుతుంది, పోలీసు అధికారికి ఒక ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది. గంటన్నర గడిచేసరికి తన సినిమాలోనే ఆ కుర్రాడు అతిథి పాత్ర అయిపోతాడు.

ఎదిగే వయసు కథని నేరంతో కలిపి తీసే సినిమాలు ఎక్కువగా ఇక్కడే చతికిలబడతాయి. నటన బాగుంటుంది, ఫొటోగ్రఫీ బాగుంటుంది, అయినా బయటికొచ్చాక ఏదీ వెంట రాదు. మంచి ముడిసరుకు ఇలా వృథా కావడం నిజంగా బాధనిపిస్తుంది. కథ ఎవరిదో రాసుకునేటప్పుడే తేల్చుకోకపోవడం దీనికి మూలం.

నేర కథ ‘తర్వాత ఏం జరిగింది?’ అంటూ పరిగెత్తిస్తుంది. ఎదుగుదల కథ ‘వీడు ఏమైపోతున్నాడు?’ అని ఆగి చూడమంటుంది. ఈ రెండూ ఒకే సీన్‌లో జరగాలి. వంతులవారీగా ఒక సీన్ దీనికి, ఒక సీన్ దానికి పంచితే రెండు సగం సినిమాలు మిగులుతాయి.

1959లో ఫ్రాన్సువా ట్రుఫో తీసిన ‘ది 400 బ్లోస్’లో నేరం ఎంత చిన్నదో చూడండి. ఆంత్వాన్ అనే కుర్రాడు తన సవతి తండ్రి ఆఫీసులో టైప్‌రైటర్ దొంగిలిస్తాడు. అది బరువు, అమ్మడం చేతకాదు. తిరిగి అక్కడే పెట్టేద్దామని టోపీ పెట్టుకుని వెళ్లి, పెడుతుండగా కాపలావాడికి దొరికిపోతాడు. ముఠా లేదు, తుపాకీ లేదు. కానీ దొంగిలించింది తనే, వెనక్కి ఇవ్వాలనుకున్నదీ తనే. రెండో నిర్ణయానికి శిక్ష పడింది కాబట్టే ఆ సీన్ దాటాక వాడు పాత వాడుగా ఉండడు.

నేరం పెద్దదైనా సూత్రం మారదు. జాక్ ఒడియార్ ‘ఎ ప్రాఫెట్’ (2009)లో ఆరేళ్ల శిక్షతో జైలుకొచ్చిన పందొమ్మిదేళ్ల మాలిక్‌ని ఒక ముఠా హత్యకి పురమాయిస్తుంది. చంపకపోతే వాణ్నే చంపుతారు. బ్లేడుని బుగ్గలో దాచుకోవడం సాధన చేస్తుంటే నోట్లోంచి రక్తం కారుతుంది. మరో దర్శకుడైతే హత్య చూపించి ముఠా తర్వాతి పథకంలోకి వెళ్లిపోయేవాడు. ఇక్కడ, చనిపోబోయే మనిషే చదువుకోమని మాలిక్‌కి చెబుతాడు. చచ్చాక అతని ఆత్మ ఆ గదిలోనే తిరుగుతుంటుంది. మాలిక్ చదవడమూ నేర్చుకుంటాడు. ఆ ఒక్క హత్య సినిమా చివరిదాకా పనిచేస్తూనే ఉంటుంది.

దారి తప్పిందో లేదో స్క్రిప్ట్ దశలోనే పట్టుకోవచ్చు. ప్రతి సీన్‌కీ ఒక కార్డు రాసి, సీన్‌కి ముందు కుర్రాడికి తెలియనిది, తర్వాత తెలిసినది రెండు గడుల్లో రాయాలి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ సీన్ ముఠాది. కుర్రాడు లేని సీన్లు వరుసగా మూడు, నాలుగు వస్తే ప్రేక్షకుడు వాణ్ని వదిలేసి పథకం వెంట వెళ్లిపోతాడు. మళ్లీ వెనక్కి తేవడం చాలా కష్టం. కీలకమైన పనులన్నీ ‘అన్న’ చెబితే చేసినవే అయితే ఇంకా ప్రమాదం. ఒక్కసారైనా వాడు వద్దనగలిగి, అయినా ఊఁ అనాలి.

అసలు దెబ్బ చాలాసార్లు ఎడిటింగ్‌లో తగులుతుంది. రఫ్ కట్, అంటే ఎడిటింగ్‌లో మొదటి కూర్పు, మూడు గంటలు వచ్చిందనుకోండి, ముందు కత్తెర పడేది నిశ్శబ్దం మీదే. దొంగతనం చేసి ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని అన్నం తినే సీన్‌లో కథకి కావలసిన సమాచారం ఏమీ లేదనిపిస్తుంది. తీసేస్తారు. డబ్బు చేతులు మారే సీన్ తీస్తే లింకు తెగుతుంది కాబట్టి అది ఉంటుంది. అలా తీసుకుంటూ పోతే క్రైమ్ మిగిలి కుర్రాడు పోతాడు. ఆ ఖాళీని పూడ్చడానికి వాయిస్ ఓవర్ వస్తుంది, ‘ఆ రోజుతో నేను మారిపోయాను’ అని. మారడం చూడని ప్రేక్షకుడికి ఆ మాట అంటదు. మీసం మొలిచేదాకా నడిపే మాంటేజ్ పాటదీ అదే గతి.

పాత్రలు ఎక్కువైతే ఫోకస్ పోతుందన్న వాదన మాత్రం నిలబడదు. 2002 నాటి ‘సిటీ ఆఫ్ గాడ్’లో ముఠాలు, తరాలు, హత్యలు లెక్కకు మించి ఉన్నాయి. అన్నిటినీ కలిపే దారం రాకెట్ అనే కుర్రాడు, వాడి కెమెరా. చివర్లో వాడి దగ్గర రెండు రకాల ఫొటోలుంటాయి. ఒకటి చచ్చిపడిన ముఠా నాయకుడిది. ఇంకొకటి అతని దగ్గర డబ్బు తీసుకుంటున్న పోలీసులది. పత్రికకి శవం ఫొటో ఇస్తాడు, అక్కడ ఇంటర్న్‌షిప్ వస్తుంది. రెండోది తన దగ్గరే ఉంచేసుకుంటాడు.