ఎత్తు చాలని అతిథులు

సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలున్న ఇళ్లలో థీమ్ పార్కు మాట మొదలవుతుంది. ‘అంత చిన్నవాణ్ని తీసుకెళ్లి ఏం లాభం, వాడికేం గుర్తుంటుంది’ అని ఒకరంటారు. ‘టికెట్ అడగని వయసులోనే తిప్పేస్తే పోలా’ అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ ఆ పిల్లవాడి కోసం పార్కు ఏం సిద్ధం చేసి పెట్టిందని అడిగేవాళ్లు తక్కువ.

జ్ఞాపకం సంగతే చూద్దాం. మూడు, మూడున్నరేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు. ఆ లెక్కన ఆ వయసు పిల్లలకు కథలూ చెప్పక్కర్లేదు, ఎత్తుకుని వెన్నెల్లో తిప్పక్కర్లేదు. గుర్తుండదు కాబట్టి వద్దనే వాదన మాకు సమ్మతం కాదు. మా అభ్యంతరమల్లా పెద్దల సరదాకి కట్టిన రోజులోకి పిల్లల్ని సామానులా మోసుకెళ్లడం మీదే.

తన కూతుళ్లు లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, బెంచీ మీద ఊరికే కూర్చున్నప్పుడు తనకు పార్కు ఆలోచన వచ్చిందని వాల్ట్ డిస్నీ చెప్పుకున్నాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలన్నది ఆయన కోరిక. అలా పుట్టిన డిస్నీల్యాండ్ 1955 జులై 17న తలుపులు తెరిచింది. ఆ రోజు ఎండ 38 డిగ్రీల దాకా వెళ్లింది. ప్లంబర్ల సమ్మె వల్ల చాలా మంచినీటి కుళాయిలు పనిచేయలేదు. కొత్తగా పోసిన తారులో ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. 70 ఏళ్లు దాటాయి. రైడ్ల వేగం ఎంత పెరిగినా, చంటిపిల్లల తల్లిదండ్రులు అడిగేవి ఇప్పటికీ నీడ, నీళ్లే. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతుంది. పైగా పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే స్ట్రోలర్‌లో కూర్చున్న పిల్లవాడు సెగలు కక్కే నేలకు దగ్గరగా ఉంటాడు. ఎండ తగలకూడదని దాని మీద గుడ్డ కప్పేస్తుంటారు. గాలి ఆడక లోపల ఇంకా ఉక్కపోస్తుందన్న ఆలోచన రాదు. క్యూలైన్ల మీద పైకప్పు వేయడానికి వెనకాడే పార్కు, ‘కుటుంబ సమేతంగా రండి’ అని ప్రకటనలు ఇవ్వడం ఎందుకు?

ఇక ఎత్తు. రైడ్ మొదట్లో ఒక కొలబద్ద ఉంటుంది. రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు 86 సెంటీమీటర్ల చుట్టుపక్కల. పట్టాల మీద ఎత్తుపల్లాల్లో దూసుకెళ్లే పెద్ద రోలర్ కోస్టర్లు ఎక్కాలంటే సాధారణంగా 102 సెంటీమీటర్లో, అంతకు మించో ఉండాలి. ఆ కొలబద్ద దగ్గర కాసేపు నిలబడితే బోలెడు తమాషా కనిపిస్తుంది. ఒకాయన కొడుకు జుట్టు పైకి దువ్వుతాడు. ఒకావిడ మునివేళ్ల మీద నిలబడమని చెవిలో చెబుతుంది. కుదరదన్నాడని గేటు దగ్గరి కుర్రాడి మీద విరుచుకుపడేవాళ్లకూ కొదవలేదు. ఈ తగవులో మేము నిస్సందేహంగా ఆ కుర్రాడి పక్షం. ఇద్దరికీ కలిపి ఒకే అడ్డకడ్డీ ఉన్న సీట్లో ఆ కడ్డీ పెద్దవాళ్ల తొడల మీదే ఆగిపోతుంది. పక్కనున్న పసివాడి ఒడికీ కడ్డీకీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. బండి ఒక్క కుదుపు కుదిపిందంటే వాడు జారిపోవడానికి ఆ సందు చాలు. ‘నేను గట్టిగా పట్టుకుంటాలే’ అనే తండ్రి చేతిని ఆ వేగం లెక్కచేయదు.

కొలబద్ద లేని చోట కూడా దెబ్బలు తగులుతాయి. జారుడుబల్ల మీద పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారడం చూడ్డానికి భద్రంగానే ఉంటుంది. కానీ పసివాడి బూటు అంచుకు తగిలి ఆగిపోతే, వెనక ఉన్న పెద్దమనిషి బరువు మాత్రం కిందికి జారుతూనే ఉంటుంది. మధ్యలో కాలు మెలిపడి ఎముక విరుగుతుంది. పిల్లల ఎముకల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన దెబ్బే. ఒంటరిగా జారలేని పిల్లల్ని ఆ బల్ల ఎక్కించకపోవడమే మేలు.

కార్టూన్ బొమ్మల వేషాలు వేసుకుని తిరిగేవాళ్ల దగ్గర వ్యవహారం మరోలా ఉంటుంది. దూరం నుంచి చేయి ఊపి కేరింతలు కొట్టిన పిల్ల, ఆ పెద్ద తల, కదలని నవ్వు దగ్గరికి రాగానే గుక్కపట్టి ఏడుస్తుంది. ఫొటో కోసం ఆ చేతుల్లోకి బలవంతంగా నెట్టకండి. వేషం లోపల ఉన్న మనిషికీ అది ఇబ్బందే.

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణుల సిఫారసు. టికెట్ డబ్బులు రాబట్టుకోవాలని పొద్దున గేటు తీసింది మొదలు రాత్రి బాణసంచా దాకా ఉండిపోతే ఆ కునుకు ఎక్కడ పడుతుంది? సాయంత్రం నాలుగింటికి పార్కు దారుల్లో వినిపించే ఏడుపుల్లో సగం నిద్ర చాలనివే అయి ఉంటాయి. పెందలాడే వెళ్లడం, మధ్యాహ్నం బయటపడటం, ఓపికుంటే చల్లబడ్డాక మళ్లీ రావడం మంచి పద్ధతి. ఒకసారి బయటికెళ్తే టికెట్ చెల్లదనే పార్కులు ఉన్నంతకాలం తల్లిదండ్రులకు ఎన్ని సలహాలిచ్చినా దండగే. చిన్నపిల్లలున్న కుటుంబాలకైనా ఆ నిబంధన సడలించాలి.

పసివాళ్లను దృష్టిలో పెట్టుకుని పార్కు కట్టడం కుదరని పనేమీ కాదు. డెన్మార్క్‌లోని బిలుండ్‌లో 1968లో మొదలైన లెగోల్యాండ్ పార్కు చిన్నపిల్లల కుటుంబాలనే నమ్ముకుంది. బ్రిటన్‌లోని పాల్టన్స్ పార్కు 2011లో పెప్పా పిగ్ అనే కార్టూన్ పంది పేరుతో ఏకంగా ఒక విభాగమే తెరిచింది. మిగతావాళ్లు అంత ఖర్చు పెట్టకపోయినా, డిస్నీ పార్కుల్లోని ‘రైడర్ స్విచ్’ పద్ధతినైనా తెచ్చుకోవచ్చు. భార్యాభర్తల్లో ఒకరు రైడ్ ఎక్కితే రెండోవారు బిడ్డతో బయట ఉంటారు. తర్వాత రెండోవారు మళ్లీ మొదటి నుంచి క్యూలో నిలబడకుండా ఎక్కుతారు. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఏ ఎత్తు పిల్లలు ఏ రైడ్లు ఎక్కొచ్చో టికెట్ కొనకముందే తెలిసేలా పట్టిక పెట్టడం అంతకంటే తేలిక. మూడేళ్ల లోపు పిల్లలకు ఉచితమని పెద్ద అక్షరాల్లో రాసేవాళ్లు, వాళ్లు ఎక్కగలిగే రైడ్లు ఎన్నో కూడా అదే సైజులో రాయాలి.

తప్పిపోతే ఎలా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. గేటు దగ్గరే ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసుకోండి, ముంజేతి పట్టీ మీద ఫోన్ నంబర్ రాయండి. అంతకు మించి హడావుడి అక్కర్లేదు.

మరో సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజంతా వేధిస్తుంది. పాలిచ్చే గది పార్కుకంతటికీ ఒక మూలన ఒక్కటే ఉంటుంది. డైపర్ మార్చే బల్ల చాలాచోట్ల ఆడవాళ్ల మరుగుదొడ్డిలోనే కనిపిస్తుంది. బిడ్డతో ఒంటరిగా వచ్చిన తండ్రి బెంచీ మీదో, స్ట్రోలర్ మీదో ఆ పని కానివ్వాల్సిందే. అమెరికాలో ప్రజలు వచ్చిపోయే ఫెడరల్ ప్రభుత్వ భవనాల్లో మగవాళ్ల మరుగుదొడ్లలోనూ ఈ బల్ల ఉండాలని 2016లో చట్టమే చేశారు. ఆ చట్టం పార్కులకు వర్తించదు. అయినా గోడకు మడిచిపెట్టే ఒక బల్ల బిగించడానికి ఏ పార్కూ చట్టం దాకా ఆగక్కర్లేదు. వచ్చే సెలవుల్లోపు ఆ పని మొదలుపెట్టమని యాజమాన్యాలను కోరుతున్నాం.