నాలుగేళ్ల మూడు నెలలకు లెక్కెంత?

మదనపల్లెలో మా పిన్నికి ఇంగ్లిషు రాదు గానీ 'సెటిల్' అన్న మాట లేకుండా రోజు గడవదు. పెళ్లిలో, బస్టాండులో, గుడి మెట్ల మీద ఎవరు పలకరించినా ఒకటే జవాబు: 'మావాడు లండన్‌లో సెటిలైపోయాడు.' వాడుండింది లండన్ కాదు, రెడింగ్. సెటిలవనూ లేదు. బ్రిటన్ చట్టంలో సెటిల్మెంట్ అంటే, మావాడిలాంటివాళ్లకు, స్కిల్డ్ వర్కర్ అనే ఉద్యోగ వీసా మీద ఎడతెగకుండా 5 ఏళ్లుండి, ఆ తర్వాత ఐఎల్‌ఆర్ అనే శాశ్వత నివాసానుమతి తెచ్చుకోవడం. మా తమ్ముడికి 4 ఏళ్ల 3 నెలల దగ్గర ఉద్యోగం ఊడింది. ఇక్కడ బెంగళూరులో సెటిల్మెంట్ అంటే, కంపెనీ వదిలేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు చేసే ఫుల్ అండ్ ఫైనల్, అంటే బాకీలు తేల్చి పంపేయడం. వాడికి దక్కింది ఆ రకం సెటిల్మెంటే.

మహదేవపురలో మా ఫ్లాట్ హాల్లో రెండు పెద్ద సూట్‌కేసులు నెల రోజులుగా విమానం ట్యాగులతోనే ఉన్నాయి. విప్పుదామంటే 'ఉండనీ అన్నా, చూద్దాం' అంటాడు. వాటి మీదెక్కి ఆడే మూడేళ్ల పాప పుట్టింది రెడింగ్‌లోనే. అక్కడ పుట్టింది కదా, పిల్ల బ్రిటిషే కదా అని చుట్టాలంతా అడుగుతారు. కాదు. 1983 నుంచి అక్కడి చట్టం ప్రకారం, బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, సెటిలైనవాళ్లో అయి ఉండాలి. పిల్ల చేతిలో ఉన్నది మన పాస్‌పోర్టే.

ఉద్యోగం పోయిన రోజే వీసా పోదు. వీసాకు పూచీపడి స్పాన్సర్ చేసిన కంపెనీ 10 పనిదినాల్లోగా హోం ఆఫీసుకు, అంటే అక్కడి హోం శాఖకు చెప్పాలి. అప్పుడు హోం ఆఫీసు వీసా గడువు కుదిస్తూ ఉత్తరం పంపుతుంది, మామూలుగా 60 రోజులిచ్చి. ఆ ఉత్తరం వారాల్లో రావచ్చు, నెలలూ పట్టొచ్చు. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకూ గరిష్ఠంగా 60 రోజులే గానీ, అక్కడ లెక్క ఉద్యోగం ఆగిన నాటి నుంచే మొదలవుతుంది. ఎప్పుడు మొదలైందో అయినా తెలుస్తుంది. మావాడు రోజుకు ఇరవైసార్లు మెయిల్ తెరిచి, స్పామ్ ఫోల్డర్ కూడా వెతికేవాడట. 'రాకపోతే భయం, వస్తే ఇంకా భయం' అన్నాడు.

ఆ 60 రోజుల్లో స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీ దొరకాలి, ఇంటర్వ్యూలు దాటాలి, ఆ కంపెనీ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అనే పూచీపత్రం తెచ్చుకుని మళ్లీ వీసాకు పెట్టుకోవాలి. బెళ్లందూరులో ఏ ఐటీ కుర్రాణ్ణి అడిగినా నోటీసు పీరియడే 90 రోజులంటాడు. ఒక ఉద్యోగం వదలడానికే మనకు 90 రోజులైతే, దేశం మారకుండా ఇంకో ఉద్యోగం దొరకబుచ్చుకోవడానికి వాళ్లిచ్చేది 60. పైగా మెట్టు ఎత్తు పెంచుతూ పోయారు. ఈ వీసాకు ఏడాది జీతం కనీస పరిమితి 2024 ఏప్రిల్‌లో 26,200 పౌండ్ల నుంచి 38,700కు, 2025 జులై 22న 41,700కు చేరింది. పాతవాళ్లకు కొంత సడలింపు ఉన్నా, కొత్తవాణ్ణి స్పాన్సర్ చేయడమంటేనే జంకే కంపెనీకి అదేం పట్టింది?

ఇదంతా తెలిసిన బాధే. నన్ను తొలిచేది వేరే: ఆ నాలుగేళ్ల మూడు నెలలు ఏమయ్యాయి?

బెంగళూరులో ఉద్యోగం చేసే ఎవరికైనా గ్రాట్యుటీ కథ తెలుసు: పనిచేసిన ఏళ్లను బట్టి వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము. ఆఫర్ లెటర్‌లో బేసిక్ మీద 4.81 శాతం అని ఊరిస్తారు. 1972 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం ప్రకారం అయిదేళ్లు నిండకుండా వదిలేస్తే పైసా రాదు. అయితే ఆ అయిదేళ్ల గోడను మనవాళ్లు అక్కడక్కడా గీకారు. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే అయిదేళ్లు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ గడువు ఒప్పందం మీద పనిచేసేవాళ్లకు ఏడాది దాటితే చాలు, పనిచేసినంత కాలానికి లెక్కగట్టి ఇమ్మంటోంది. బ్రిటన్‌కు మాత్రం ఈ లెక్క తెలియదా? రెండేళ్ల సర్వీసు దాటినవాణ్ణి పని లేదని తీసేస్తే, నిండిన ఏళ్లను లెక్కబెట్టి రిడండెన్సీ పరిహారం ఇవ్వాలని చెప్పేది అక్కడి చట్టమే. మావాడికి అది ముట్టింది. అంటే ఒకే దేశంలో ఒక చట్టం ఆ ఏళ్లను లెక్కపెట్టింది, ఇంకొకటి కొట్టేసింది. ఇప్పుడు వచ్చేశాడు కాబట్టి, రేపు మళ్లీ వెళ్లినా సున్నా నుంచే.

ఎవరిని ఉండనివ్వాలన్నది ఏ దేశానికైనా దాని హక్కు. నాకు అందులో పేచీ లేదు. కానీ ఉండనివ్వనప్పుడు వసూలు చేసిందాని సంగతేంటి? వీసాతోపాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, అదీ ముందే. వీసా మధ్యలో కుదించినా తిరిగి రాదు. జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్సు అనే చందా కట్టించుకుంటారు, కానీ ప్రభుత్వ పెన్షన్‌కు కనీసం 10 ఏళ్ల చందా ఉండాలి. 2025 మే 6న ప్రకటించిన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో ఈ చందా నుంచి 3 ఏళ్ల మినహాయింపు మనవాళ్లు సాధించారు. అది ఇక్కడి కంపెనీలు తాత్కాలికంగా పంపేవాళ్లకు. అక్కడి కంపెనీలోనే చేరిన మా తమ్ముడిలాంటివాళ్లు ఆ లెక్కలోకి రారు. బేరంలో కంపెనీల గొంతు వినపడింది, వీళ్లది వినపడలేదు.

ఇక సెటిల్మెంటుకు కావలసిన అయిదేళ్లను పదేళ్లు చేయాలని 2025 మే నెలలో బ్రిటన్ శ్వేతపత్రం తెచ్చింది. నవంబరులో హోం మంత్రి షబానా మహమూద్ ఆ ప్రతిపాదనలను, ఇప్పటికే అక్కడున్నా ఇంకా సెటిలవనివాళ్లకూ వర్తించేలా, సంప్రదింపులకు పెట్టారు. పదేళ్లంటే ఎన్ని మాంద్యాలు, ఎన్ని లేఆఫ్‌లు, ఎందరు మేనేజర్లు! అన్నేళ్లూ ఉద్యోగం ఊడకూడదని కోరుకోవడం వీసా షరతా, జాతకమా? నా మట్టుకు అడిగేది చిన్నది. నిండిన ఏళ్లు అతని ఖాతాలో ఉండనివ్వండి. రెండేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగంతో వస్తే అక్కణ్ణుంచే లెక్క మొదలుపెట్టండి.

పోయిన వారం వాడికి వైట్‌ఫీల్డ్‌లో ఆఫర్ వచ్చింది. రెడింగ్‌లో పనిచేసిన కాలాన్ని ఒక్క నెల కూడా తగ్గించకుండా అనుభవం కింద రాసుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక లెటర్ ప్రింటు తీసి, జీతం ఉన్న పేజీ తిప్పేసి, నేరుగా గ్రాట్యుటీ పేరా దగ్గర ఆగాడు. అంతలో పిన్ని ఫోను. స్పీకర్‌లో పెట్టాడు.

'ఒరే, అయితే బెంగళూరులో సెటిలైనట్టేనా?'

'ప్రొబేషన్ ఆరు నెలలుందమ్మా' అన్నాడు.