'తరువాయి భాగం' గారికి, శ్రీకాకుళం నుంచి

గౌరవనీయులైన తరువాయి భాగం గారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి తమరు వేంచేస్తారని ముందే నోటిఫికేషన్ పంపించారు. ఫోన్‌లో కథల యాప్‌లో మేం చదువుకుంటున్న ప్రేమ నవలకి ఆఖరి భాగం అన్నారు. పక్కన గుండె బొమ్మ, ఏడుపు బొమ్మ, మళ్ళీ గుండె బొమ్మ పెట్టారు. మేం నమ్మీసాం. మా అత్తయ్య తొందరగా అన్నం తినేసి, మధ్యాహ్నం కునుకు మానుకుని, కళ్ళజోడు తుడుచుకుని (చదివేది ఆవిడ కాదు, శుక్లాల ఆపరేషన్ అయినప్పట్నుంచీ నేను చదివితే ఆవిడ వింటారు, అయినా కళ్ళజోడు ఉండాలట) మంచమ్మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. భాగం తెరవడానికి కాయిన్లు సరిపోవని యాప్ అంటే అప్పటికప్పుడు యూపీఐ కొట్టి కొన్నాను. రెండయింది, రెండుంపావయింది, ఎప్పటికో వచ్చారు తమరు. మూడంటే మూడు లైన్లు. "పాఠకుల విశేష ఆదరణ దృష్ట్యా ఈ నవల సీజన్ 2 గా కొనసాగుతుంది. త్వరలో. ప్లీజ్, రేటింగ్ ఇవ్వడం మర్చిపోకండి."

ఆ మూడు లైన్లకి కూడా కాయిన్లు కోసుకున్నారండీ.

ఏ సీరియల్, ఏ యాప్ అని నేను చెప్పక్కర్లేదు. చదివే అలవాటున్న ప్రతి ఇంట్లోనూ తమరి బాధితులు ఒకరైనా ఉంటారు, లేని ఇళ్ళవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మంట ఇంతలా ఎందుకు లేచిందంటే, మా స్కూలు స్టాఫ్ గ్రూప్‌లో ఏడాది చివర్లో ఒక తంతు ఉంది, ఈ ఏడాది చదివినవాటిల్లో బాగా నచ్చిన నవలలూ కథల పుస్తకాలూ వరసపెట్టి రాయాలి. సైన్స్ మాస్టారు ఏటా ఏదో గైడు పేరు రాసి తప్పించుకుంటారు, అది వేరే సంగతి. నేను మాత్రం కూర్చుని ఆలోచించి రాస్తాను. ఈసారి ప్రేమకథలే ఎక్కువ చదివాను, సిగ్గేమీ లేదు, రిటైర్మెంట్‌కి దగ్గరపడుతున్న టీచరమ్మలు ప్రేమకథలు చదవకూడదని ఏ జీవోలోనూ లేదు కదా.

మూడో నంబర్ ఎమిలీ హెన్రీ రాసిన 'ఫన్నీ స్టోరీ'. 2024లో వచ్చింది, మా అమ్మాయి చదివేసి ఇస్తే నా చేతికి ఈ ఏడాది చేరింది. అమెరికాలో మిషిగన్‌లో చిన్న ఊరు, పిల్లల సెక్షన్‌లో లైబ్రేరియన్ ఒకమ్మాయి, పెళ్ళి కుదిరాక పెళ్ళికొడుకు నాకు చిన్నప్పటి స్నేహితురాలే కావాలని ఈమెని వదిలేస్తాడు, ఆ స్నేహితురాలు అప్పటిదాకా ఉన్న కుర్రాణ్ణి వదిలేస్తుంది, మిగిలిన ఈ ఇద్దరూ ఒక ఇంట్లో చేరతారు. కథ చెప్తుంటే మా అత్తయ్య ఆపి, "ఇదేటమ్మా, కుండమార్పిడి సంబంధమా?" అన్నారు. నవ్వలేక చచ్చాను. అంతకంటే మంచి రివ్యూ నేను ఎక్కడా చదవలేదు. రెండో నంబర్ 'హార్ట్ ల్యాంప్', బాను ముష్తాక్ కన్నడంలో రాసిన కథలు, దీపా భాస్తి ఇంగ్లీషు చేస్తే 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, కన్నడానికీ అదే మొదటిసారి, కథల పుస్తకానికీ అదే మొదటిసారి. అందులో రొమాన్సూ గీమాన్సూ ఏమీ లేదు, పెళ్ళయిన కొన్నాళ్ళకి రొమాన్స్ ఎక్కడికి పోతుందో ఉంది. అది విన్న రాత్రి మా అత్తయ్య ఏమీ మాట్లాడకుండా అటు తిరిగి పడుకున్నారు.

ఈ రెండు పుస్తకాలకీ ఒక గొప్ప లక్షణం ఉందండీ. అయిపోతాయి. చివరి పేజీ అని ఒకటుంటుంది, అక్కడ కథ ఆగుతుంది, మనం లేచి స్టవ్ మీద పాలు చూసుకోవచ్చు.

ఇక ఒకటో నంబర్. తమరి సీరియల్.

దాన్ని అంత పైన ఎందుకు పెట్టుకున్నానో చెప్తాను వినండి. తమరి యాప్‌లో హీరో అంటే సీఈఓ. ముప్ఫై నిండకుండానే సీఈఓ, ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో అతనికీ తెలీదు, రాసినవాళ్ళకీ తెలీదు, ఆఫీసులో అతను చేసే పని ఒక్కటే, హీరోయిన్ కాలు జారినప్పుడల్లా పట్టుకోవడం. ఆ అమ్మాయిలకి అంతలా కాళ్ళు ఎందుకు జారతాయో, కాంట్రాక్ట్ పెళ్ళికి ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుంటే సరిపోయేది. అలాంటి సీఈఓల మధ్యలో ఈ ఒక్క కుర్రాడు తగిలాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. పాత స్కూటీ. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో వీళ్ళ జీడితోటా కొబ్బరిచెట్లూ పడిపోయాయి, అప్పట్నుంచీ వాళ్ళ నాన్న మాట్లాడ్డం తగ్గించేశాడు. అమ్మాయి గ్రామ సచివాలయంలో ఉద్యోగి, ఒకటో తారీఖున పింఛన్లు పంచడానికి తెల్లారకుండా ఇల్లిల్లూ తిరుగుతుంది. కుర్రాడి అమ్మమ్మ జీవితమంతా జీడిపిక్కలు కొట్టిన మనిషి, ఆ నూనె తగిలి తగిలి వేళ్ళు అరిగిపోయి మిషన్ మీద వేలిముద్ర పడదు. నెలనెలా ఒకటో తారీఖున ఆ అమ్మాయి ముసలావిడ వేళ్ళు ఒక్కొక్కటీ తుడిచి మిషన్ మీద పెట్టడం, పడకపోవడం, మళ్ళీ తుడవడం, పక్కన ఈ కుర్రాడు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డం. అదీ వాళ్ళ ప్రేమ. ఎవరూ కాలు జారలేదు. ఐ లవ్ యూ అని ఎవరూ అనలేదు. ముసలావిడే ఒక నెల వేలిముద్ర పడిపోయినా "పడలేదు, ఇంకోపాలి సూడమ్మా" అని అబద్ధం చెప్పింది, అది చదివిన రోజు మా అత్తయ్య చప్పట్లు కొట్టారు.

మన జిల్లా వాళ్ళు ప్రేమించుకోగా నేను చదివింది ఎంత అరుదో తమరికి తెలీదు. మనవాళ్ళు కథల్లోకి వస్తే వలస వెళ్తారు, పోరాడతారు, కిడ్నీలు పోతాయి, తుఫానులో మునుగుతారు. అవన్నీ నిజమే, రాయాల్సిందే, కానీ మధ్యలో ఒకపాలి ప్రేమించుకోకూడదేటి?

సరే, అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది, సికింద్రాబాద్ పోస్టింగ్. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. స్టేషన్‌కి బయల్దేరింది. కుర్రాడికి ఆలస్యంగా తెలిసింది, స్కూటీ మీద వస్తున్నాడు, సరిగ్గా అతను వచ్చే టైముకి రైల్వే గేటు పడింది. ఏ రైలు కోసం పడిందంటే ఆ రైలు కోసమే. అక్కడ ఆపారు తమరు. అక్కడే ఆపి, మిగతాది ఆదివారం రెండు గంటలకి అన్నారు.

ఆగడం మాకు కొత్తేమీ కాదండీ. మా అత్తయ్య వయసులో ఉన్నప్పుడూ తమరు ఉన్నారు, వారపత్రికలో పేజీ చివర 'సశేషం' అని బుద్ధిగా కూర్చునేవారు. ఆవిడ ఆ పేజీలన్నీ వారంవారం చింపి, సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. ఇప్పటికీ ఉన్నాయి. తిప్పుతుంటే కథ మధ్యలో సబ్బు ప్రకటనలూ వారఫలాలూ తగుల్తాయి. ఒక నవలలో నడిమధ్యన ఒక వారం లేదు, పక్కింటావిడ ఆ పత్రిక పట్టుకెళ్ళి ఇవ్వలేదు, ఆవిడ పోయి ఏళ్ళయింది, మా అత్తయ్య కోపం మాత్రం పోలేదు. కానీ ఆ తమరు వేరు. చెప్పిన వారానికి వచ్చేవారు. పైన 'జరిగిన కథ' అని నాలుగు ముక్కలు కూడా వేసేవారు, మధ్యలో జ్వరమొచ్చి ఒక వారం చదవకపోయినా దారి తెలిసేది. ఇప్పుడేమో పోయిన భాగంలో ఆఖరి పేరా తెచ్చి ఈ భాగంలో మొదట అతికించి దానికీ కాయిన్లు తీసుకుంటున్నారు.

మన తొలి నవలల్లో ఒకటైన రాజశేఖర చరిత్రము కూడా తమరి చేతుల మీదుగానే వచ్చింది కదా, కందుకూరి వారు 1878లో తన పత్రిక వివేకవర్ధనిలో భాగాలుగా మొదలెట్టారు, 1880కల్లా పుస్తకంగా వచ్చేసింది. కరెంటు లేదు, నోటిఫికేషన్ లేదు, పూర్తి చేశారు. మా పక్క విజయనగరంలో గురజాడ వారు కన్యాశుల్కం 1897లో వేసి, తృప్తి లేక మళ్ళీ రాసి 1909లో వేశారు. అంటే సీజన్ 2 ఆయనకీ ఉంది, కానీ మొదటిది చివరిదాకా జనం చేతిలో పెట్టాక. ఇంగ్లండులో డికెన్స్ ఆఖరి నవలకి పన్నెండు భాగాలనుకుని ఆరు పూర్తిచేశాక 1870లో చచ్చిపోయాడు, హంతకుడెవరో తేలకుండానే ఉండిపోయింది. అదీ కారణమంటే! మనిషి పోయాడు, ఏం చేస్తాం, దండం పెట్టి ఊరుకుంటాం. మరి నీకేం రోగం? మీ రచయిత్రి క్షేమంగా ఉంది, అదే ఆదివారం సాయంత్రం ఐదింటికి కొత్త సీరియల్ మొదలెట్టింది, అందులో హీరో సీఈఓ.

ఆలస్యమయితే ఆలస్యమని చెప్పు. రాయడం కుదర్లేదని చెప్పు. ఇంట్లో పెళ్ళి ఉందో పిల్లల పరీక్షలున్నాయో చెప్పు, మేమూ ఆడవాళ్ళమే, మాకూ తెలుసు. నువ్వు ఆదివారం అన్నావు, ఆఖరి భాగం అన్నావు, డబ్బు ముందు పుచ్చుకున్నావు. వాయిదా వేస్తున్నానని ముందురోజు ఒక్క ముక్క పడేస్తే మా అత్తయ్య తన కునుకు తను తీసుకునేది. "త్వరలో" అంటే ఎప్పుడు? సంక్రాంతికా, రథసప్తమికా? అరసవల్లిలో దేవుడికి కూడా ఏ సేవ ఎప్పుడో బోర్డు ఉంటుంది, నీకు లేదు.

ఈ కోపంలోనే నిన్న సాయంత్రం కథానిలయం వైపు నడిచాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మా ఊళ్ళో పెట్టిన ఇల్లు, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా తెచ్చి దాచాలని. ఆ బీరువాల ముందు నిలబడితే నీ మీద కోపం ఇంకా పెరిగింది. రాసినవాళ్ళలో ఎందరో పోయారు, వేసిన పత్రికలు ఎన్నో మూతపడ్డాయి, కథ మాత్రం ఆఖరి వాక్యంతో సహా ఉంది, ఎవరైనా వెళ్ళి అడిగి చదువుకోవచ్చు. రేపు నీ యాప్ మూసేస్తే పలాస కుర్రాణ్ణి నేనెక్కడ వెతకను? ముసలావిడ వేలిముద్ర ఏ బీరువాలో దొరుకుతుంది? సూదీ దారం పట్టుకుని మా అత్తయ్య నిన్ను ఎక్కడ కుట్టాలి, ఫోన్‌కా?

కామెంట్లలో "సూపర్ సిస్, నెక్స్ట్ పార్ట్ ప్లీజ్" అని బతిమాలుకునేవాళ్ళ గురించి ఏమీ అనను, పాపం వాళ్ళలో నేనూ ఉన్నాను. యాప్ ఆడియోలో గుమ్మడికాయ అన్న మాటని కూడా ఏడుస్తూ చదివే ఆ గొంతు గురించీ ఇప్పుడు కాదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, నీ మీద ప్రేమతో కాదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ అత్తయ్యా నేనూ మాట్లాడుకున్నది ఏముంది, ఉప్పెక్కువైందా, గ్యాస్ బుక్ చేశావా, అంతే. ఇప్పుడు ఆ గేటు పడినప్పట్నుంచీ రోజూ గోంగూర ఒలుస్తూ గొడవే. నేను అమ్మాయి దిగిపోవాలంటాను. ఆవిడ ససేమిరా ఒప్పుకోరు. "దిగిపోతాదేటి? బేంకు ఉజ్జోగం ఒగ్గేసి? నా కాలంలో మానాయిన నన్ను టీచర్ ట్రైనింగ్‌కి పంపిస్తానని ఆకరికి పెళ్ళి సేసీసినాడు. ఎక్కీమను. ఆడికి కావాలంటే ఆడే సికింద్రాబాద్ వస్తాడు, జీడిపప్పు అక్కడ తినరేటి?" అన్నారు. ఆ ట్రైనింగ్ సంగతి మా ఆయనక్కూడా తెలీదు. అడిగితే నాకూ ఇప్పుడే తెలిసిందన్నారు.

అంతమాత్రాన నిన్ను క్షమించేశామనుకోకు. స్టాఫ్ గ్రూప్‌లో ఒకటో నంబర్ ఖాళీగా వదిలి లిస్టు పెట్టాను, హెడ్మాస్టారు "మేడం, మొదటిది మర్చిపోయారు" అని రెండుసార్లు మెసేజ్ చేశారు, సైన్స్ మాస్టారు నవ్వు బొమ్మ పెట్టారు. రేటింగ్ అడిగావు కదా, ఒక్క చుక్క ఇచ్చాను, అంతకంటే తక్కువ ఇద్దామంటే యాప్ ఒప్పుకోవట్లేదు. ఇక ఆ గేటు తీసినా తీయకపోయినా నీ నోటిఫికేషన్ ముట్టుకోనని అత్తయ్య ముందు ఒట్టేశాను.

ఆవిడ గోంగూర పక్కకి నెట్టి, "ఒట్టు తీసి గట్టుమీద పెట్టీ. కాయిన్లు ఎన్నున్నాయో సూడు ముందర" అన్నారు.

చూశాను. తక్కువున్నాయి. కొన్నాను.

ఇట్లు,
శ్రీకాకుళం నుంచి అత్తాకోడళ్ళు