రెండు పూర్తి వాక్యాల మధ్య ఒక్క కామా

(డిగ్రీ విద్యార్థి ఒకరు ఇంగ్లిషు జవాబుపత్రంలో "ద ట్రైన్ వాజ్ లేట్, వి మిస్డ్ ద ఎగ్జామ్" అని రాశారు. అధ్యాపకురాలు ఒక మార్కు తగ్గించారు. ఆమె మిత్రుడైన అనువాదకుడికి అది నచ్చలేదు.)

అనువాదకుడు: రైలు ఆలస్యమైంది, పరీక్ష పోయింది. ఇందులో అర్థం కానిది ఏముంది మేడమ్?

అధ్యాపకురాలు: కారణాన్ని మీరు ఊహించుకున్నారు కాబట్టి అర్థమైంది. రాసినవారు చెప్పలేదు. రెండూ కర్తా క్రియా ఉన్న పూర్తి వాక్యాలు. మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టవచ్చు, సెమికోలన్ (;) పెట్టవచ్చు, కామా పెట్టి 'సో' రాయవచ్చు. ఉత్త కామా ఇంగ్లిషులో చాలదు.

అనువాదకుడు: మరి డికెన్స్‌కు ఎన్ని మార్కులు తగ్గిస్తారు? 1859 నాటి 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్' మొదటి వాక్యం కామాల మీదే నడుస్తుంది. 'వచ్చాను, చూశాను, జయించాను' అన్న సీజర్ మాటనూ ఇంగ్లిషులో కామాలతోనే అచ్చువేస్తారు.

అధ్యాపకురాలు: అక్కడ మీ మాట కాదనలేను. చిన్న వాక్యాలు ఒకే తూకంలో వరుసగా వచ్చినప్పుడు కామా సరిపోతుంది. కానీ ఆస్పత్రి కాగితంలో ఇలా ఉందనుకోండి: "ద డ్రగ్ వాజ్ స్టాప్డ్, ఆన్ మండే, ద ఫీవర్ రిటర్న్డ్." సోమవారం జరిగింది మందు ఆపడమా, జ్వరం తిరిగి రావడమా? 'స్టాప్డ్' తర్వాత సెమికోలన్ ఉంటే సోమవారం వచ్చింది జ్వరం. 'మండే' తర్వాత ఉంటే ఆ రోజు ఆపింది మందు. రెండు కామాలు పెట్టి ఊరుకుంటే వైద్యుడు ఏమని చదువుకోవాలి? 'అయితే' అనే అర్థమిచ్చే 'హవెవర్' దగ్గరా ఇదే చిక్కు. పిల్లలు దాన్ని 'బట్'తో సమానం అనుకుని అటూ ఇటూ కామాలు పెడతారు. 'బట్' వాక్యాలను కలిపే మాట, దాని ముందు కామా చాలు. 'హవెవర్' క్రియావిశేషణం, వాక్యంలో మొదట, మధ్యలో, చివర ఎక్కడైనా ఉండగలదు. అది ముందు వాక్యానిదో వెనక వాక్యానిదో సెమికోలనో ఫుల్‌స్టాపో తేల్చాలి.

అనువాదకుడు: ఆస్పత్రి వాక్యం విషయంలో ఒప్పుకుంటాను. కానీ 'వర్షం వచ్చింది, ఆట ఆగింది' అని తెలుగులో రాస్తే ఎవరూ తప్పుపట్టరు. జర్మన్ భాషలోనూ ఇలాంటి కామా సక్రమమే. ఇంట్లో భాష నేర్పిన పద్ధతికి శిక్ష ఎందుకు?

అధ్యాపకురాలు: తెలుగును తప్పుపట్టడం లేదు. మనకు 'వర్షం వచ్చి ఆట ఆగింది' అనే దారి కూడా ఉంది. అయినా తెలుగు గురించి మీరే అంటున్నారా? మీ అనువాదాల్లో మూలంలోని సెమికోలన్లన్నీ ఫుల్‌స్టాపులైపోయాయి. ఒక్క ఊపున సాగిన ఆలోచన ముక్కలైంది.

అనువాదకుడు: తెలుగు పాఠకులకు సెమికోలన్ అలవాటు తక్కువ.

అధ్యాపకురాలు: మీలాంటివారు వాడితేనే కదా అలవాటయ్యేది!

అనువాదకుడు: ఆ తగువు తర్వాత చూద్దాం. రైలు వాక్యంలో ఎవరికీ సందేహం రాదు. కనీసం అర మార్కైనా ఇవ్వండి.

అధ్యాపకురాలు: ఇవ్వను. పక్కన 'సో' రాసి, ఆస్పత్రి వాక్యం కూడా కింద రాసి పత్రం తిరిగి ఇస్తాను. దాన్ని రెండు విధాలా సరిచేసి తెస్తే అప్పుడు మార్కు వేస్తాను.