రఫ్ కాగితం చూసేదెవరు?

ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష తెలంగాణ ఎప్‌సెట్. దాని ఇంజినీరింగ్ విభాగంలో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అందులో సగం, అంటే 80, లెక్కలే. కెమిస్ట్రీని అరగంటలో, ఫిజిక్స్‌ను ముప్పావుగంటలో ముగించగలిగిన విద్యార్థికి కూడా గణితానికి మిగిలేది 105 నిమిషాలు. ఒక్కో లెక్కకు 79 సెకన్లు కూడా రావు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఈ హైదరాబాద్ నగరంలో వేల కుటుంబాలు ఆ కొద్ది సెకన్ల కోసమే ఫీజులు కడుతున్నాయి. పొద్దున్నే స్టడీ అవర్లు, వారం వారం గ్రాండ్ టెస్టులు. టెస్టు ముగిసిన కాసేపటికే తల్లిదండ్రుల ఫోన్లకు మార్కులు చేరిపోతాయి. విద్యార్థి లెక్క చేసిన రఫ్ కాగితం మాత్రం చెత్తబుట్టలోకి వెళుతుంది. మా అభ్యంతరమంతా అక్కడే. సమయం ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో రాసి ఉండేది ఆ కాగితం మీదే కదా!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఇంటి మేడ మీద ఎనిమిది మందికి లెక్కలు చెప్పే ఓ మాస్టారి దగ్గర మేం చూసింది ఇది. టెస్టు కాగానే ఆయన మార్కులు అడగలేదు, రఫ్ కాగితాలు తీసుకున్నారు. కాస్ 10, కాస్ 50, కాస్ 70 డిగ్రీల లబ్ధం ఎంతన్నది ఒక ప్రశ్న. ఒక అమ్మాయి 1/8 అని గుర్తించింది. కాగితం మీద ఆ లెక్కకు ఒక్క గీత కూడా లేదు. ‘ఎలా వచ్చిందమ్మా?’ అంటే ‘బిట్ గుర్తుంది సార్’ అంది. ఆమెకు గుర్తున్నది 20, 40, 80 డిగ్రీల బిట్. దాని జవాబు నిజంగానే 1/8. ఇక్కడ రావలసింది రూట్ 3 బై 8. పక్కనున్న అబ్బాయి కాగితంలో అర పేజీ నిండిపోయింది. రెండేసి కాస్‌లను మొత్తంగా మార్చుకుంటూ, విడదీస్తూ సరైన జవాబుకే చేరాడు. నాలుగు నిమిషాలు పట్టిందని తనే ఒప్పుకున్నాడు.

మార్కుల జాబితాలో అమ్మాయికి సున్నా, అబ్బాయికి ఒకటి. మాస్టారికి కనిపించింది వేరు. తీటా, 60 మైనస్ తీటా, 60 ప్లస్ తీటాల కాస్‌లను గుణిస్తే కాస్ 3 తీటాలో నాలుగో వంతు వస్తుందని ఆ అమ్మాయి చేతనే బోర్డు మీద రాబట్టించారు. అబ్బాయిని మాత్రం కోణాలను చూస్తూ కూర్చోమన్నారు. 50, 70లు 60కి అటు పది, ఇటు పది దూరంలో ఉన్నాయని అతనికి తట్టేదాకా పెన్ను ముట్టనివ్వలేదు. ఒకే ప్రశ్న, ఇద్దరికీ రెండు వేర్వేరు మందులు. 79 సెకన్లలోకి దిగే దారి ఇదేనని మా నమ్మకం.

షార్ట్‌కట్‌లకు మేం వ్యతిరేకం కాదు. ఎక్స్ స్థానంలో సున్నా పెట్టి తప్పు ఆప్షన్లను కొట్టేయడం కూడా గణితమే. ఎప్‌సెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోయరు గనుక చివరి రెండు నిమిషాల్లో ఖాళీలన్నీ నింపమని చెప్పడమూ సబబే. కానీ అదే విద్యార్థి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ కూడా రాస్తాడు. అక్కడ తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఏ లెక్క పట్టుకోవాలో, ఏది వదిలేయాలో తేల్చుకునే నేర్పు బిట్ బ్యాంకులు బట్టీ పడితే రాదు. తాను ఎక్కడ చిక్కుకుపోతున్నాడో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి.

నల్లకుంటలో చుక్కా రామయ్య అనే ఒక లెక్కల మాస్టారి పేరు మీదుగా ఐఐటీ కోచింగ్‌కు దేశంలో పేరు తెచ్చుకున్న నగరమిది. ఆ నగరంలోనే ఇవాళ లెక్క చేసే తీరును చూసే తీరిక ఎవరికీ లేకుండా పోయింది. 2023లో, ఎప్‌సెట్‌ను ఇంకా ఎంసెట్ అంటున్నప్పుడు, అందులో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీని ప్రభుత్వం ఎత్తేశాక ఇది మరింత ముదిరింది. ఇంటర్ పరీక్షలో ఏడు మార్కుల జవాబుకు ప్రతి మెట్టుకూ విలువ ఉంటుంది. ర్యాంకులో ఆ విలువ లేనప్పుడు, మొదటి సంవత్సరం నుంచే బిట్లు తోమించడం కాలేజీలకు అలవాటైపోతుంది. దాని నష్టం ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో సమాకలనాలు ఎదురైనప్పుడు బయటపడుతుంది.

ఫీజు కట్టలేని పిల్లల మాటేమిటి? ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థికి మేడ మీది మాస్టారూ ఉండడు, గ్రాండ్ టెస్టూ ఉండదు. పరీక్షేమో కంప్యూటర్ మీద. తెరపై ప్రశ్న చదువుతూ కాగితం మీద లెక్క చేయడం అతనికి నేరుగా పరీక్ష హాల్లోనే ఎదురైతే, తెలిసిన లెక్కలు కూడా చేజారతాయి. కాలేజీ ల్యాబుల్ని సాయంత్రాలు తెరిచి ఉంచాలి. వారానికి ఒక మాక్ టెస్టు రాయించాలి. మర్నాడు రఫ్ కాగితాలు ముందేసుకుని విద్యార్థులతో కూర్చునేందుకు గణితం లెక్చరర్‌కు ఒక పీరియడ్ కేటాయించాలి. ఆ పీరియడ్‌ను టైమ్ టేబుల్‌లోనే చూపాలని ఇంటర్ బోర్డును కోరుతున్నాం.

ప్రైవేటు కాలేజీలకైతే మేం చెప్పేది ఇంకా చిన్న పని. గ్రాండ్ టెస్టు రఫ్ కాగితాలకు హాల్ టికెట్ నంబరు వేయించి, మార్కుల షీటుతో కలిపి పిన్ను కొట్టి ఇంటికి పంపండి. తల్లిదండ్రులు ఆదివారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు అడగాల్సింది కూడా ఆ కాగితమే.